ఇన్సులిన్ మాట ఎందుకు చెల్లడం లేదు?

గర్భంతో ఉండగా షుగర్ బయటపడి, చివరి రెండు నెలలూ రోజూ ఇన్సులిన్ సూదులు వేసుకున్న స్త్రీకి కాన్పు అవుతుంది. బిడ్డ పుట్టిన కొద్ది నిమిషాలకు మాయ పడుతుంది. అక్కడి నుంచి కొన్ని గంటల్లోనే ఆమెకు ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. చాలామందికి మర్నాటికి సూదితో పనే ఉండదు. తిండి మారలేదు, నడక మొదలుపెట్టలేదు, ఒంట్లో కొవ్వు కరగలేదు. బిడ్డతోపాటు బయటికి వచ్చింది అరకిలో బరువుండే మాయ మాత్రమే.

ఇన్సులిన్ నిరోధకత గురించి సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: కణాలు ఇన్సులిన్‌కు స్పందించడం మానేస్తాయని. వినడానికి అది తుప్పు పట్టిన తాళం కథలా ఉంటుంది. తుప్పు ఒక్క పూటలో వదలదు. కాన్పు గదిలో కనిపించేది వేరే సంగతి. ఆమె కండరాలూ కాలేయమూ చెడిపోలేదు. ఎవరో అడ్డుపడ్డారు, ఆ అడ్డు తొలగిపోయింది. ఆ అడ్డుపడినవాటిలో ముఖ్యమైనవి పెప్టైడ్ హార్మోన్లు.

అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసగా గుచ్చుకుంటే ఏర్పడే హార్మోన్లను పెప్టైడ్ హార్మోన్లు అంటారు. ఇన్సులిన్‌లో 51 పూసలుంటాయి. అవి రెండు దండలుగా, ఒకదానిలో 21, మరొకదానిలో 30 చొప్పున అమరి ఉంటాయి. తిండిలోని మాంసకృత్తుల్లాగే వీటినీ కడుపు అరిగించేస్తుంది. ఇన్సులిన్‌ను మింగకుండా సూదితో తీసుకోవలసి రావడానికి కారణం అదే. వీటికి మరో లక్షణం ఉంది. స్టెరాయిడ్ హార్మోన్ల మాదిరిగా ఇవి కణంలోకి చొరబడలేవు. గుమ్మం దగ్గర నిలబడి, కణం పైపొరలో ఉన్న గ్రాహకాన్ని తట్టి, చెప్పవలసింది చెప్పి ఊరుకోవాలి. ఆ మాటను లోపలికి చేరవేసే బాధ్యత కణానిది. నిరోధకత పుట్టేది ఎక్కువగా ఈ చేరవేతలోనే.

మాయ ఏం చేస్తుందో చూస్తే ఇది స్పష్టమవుతుంది. అది ప్లాసెంటల్ లాక్టోజెన్ అనే హార్మోన్‌ను, దానితోపాటు తనదైన ఒక గ్రోత్ హార్మోన్‌ను తయారుచేస్తుంది. రెండింటిలోనూ 191 అమైనో ఆమ్లాలే. నెలలు నిండే సమయానికి లాక్టోజెన్ రోజుకు గ్రాము దాకా తయారవుతుంది. హార్మోన్లను గ్రాములో లక్షల వంతుల్లో కొలిచే శరీరంలో అది మామూలు మొత్తం కాదు. ఆ నాటికి తల్లి ఒంట్లో ఇన్సులిన్ ప్రభావం దాదాపు సగానికి పడిపోతుంది. ఇది రోగం కాదు, ఏర్పాటు. తల్లి కండరాలు చక్కెరను లాగేసుకోకుండా ఉంటే అది రక్తంలో నిలిచి, మాయ గుండా బిడ్డకు అందుతుంది. తల్లి ఒళ్లు కొవ్వు మీద నడుస్తుంది. అదే లాక్టోజెన్ మరోవైపు తల్లి క్లోమంలోని బీటా కణాలను పెంచి, ఇన్సులిన్ ఎక్కువగా తయారయ్యేలా చూస్తుంది. అంటే ఒక చేత్తో అడ్డుపెట్టి, రెండో చేత్తో ఆ అడ్డును దాటడానికి సాయం చేస్తుంది. క్లోమం అందుకోగలిగితే షుగర్ పెరగదు, అందుకోలేకపోతే గర్భిణి మధుమేహం బయటపడుతుంది.

కండరంలో జరిగేది ఇంకాస్త దగ్గరగా చూడదగింది. ఇన్సులిన్ గ్రాహకాన్ని తాకగానే లోపల ఒక గొలుసు కదులుతుంది. అందులో పీఐ3 కైనేజ్ అనే ఎంజైమ్ కీలకం. అది జోడుగా పనిచేస్తుంది. ఒక భాగం పట్టుకుంటుంది, రెండోది పని చేస్తుంది. పట్టుకునే భాగం పేరు పీ85. ఈ జోడు సరిగ్గా కుదిరితేనే గ్లూట్4 అనే రవాణా ప్రొటీన్లు కణం లోపలి నుంచి పైపొరకు వచ్చి చక్కెరను లోపలికి లాగుతాయి. మాయ నుంచి వచ్చే గ్రోత్ హార్మోన్ కండరంలో పీ85 సంఖ్యను పెంచుతుందని ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో తేలింది. గర్భిణుల కండరపు ముక్కల్లోనూ పీ85 పెరగడం కనిపించింది. జోడీ లేని పీ85లు వచ్చి చోటు ఆక్రమిస్తాయి. ఎద్దులు లేని కాడిని తెచ్చి నాగలికి కట్టినట్టన్నమాట. ఇన్సులిన్ తట్టింది, గ్రాహకం విన్నది, చాలు మాత్రం సాగలేదు.

గర్భిణులకు 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష తప్పనిసరి అనడానికి మూలం ఇదే. మాయ పెరిగి, దాని హార్మోన్లు జోరందుకునే కాలం అది. మన దేశంలో 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. డెసీలీటరు రక్తంలో చక్కెర 140 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భిణి మధుమేహంగా లెక్క. కాన్పుతో అది పోయిందని కుటుంబమంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఆరు వారాలకు బాలింతకు మళ్లీ చేయవలసిన పరీక్ష చాలా ఇళ్లలో బిడ్డ టీకాల హడావిడిలో జారిపోతుంది. నిజానికి గర్భంలో షుగర్ వచ్చిన స్త్రీలకు తర్వాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికన్నా ఏడు రెట్లకు పైగా ఉంటుంది. మాయ ఆమె క్లోమానికి ముందుగానే ఒక పరీక్ష పెట్టింది. ఆ ఫలితాన్ని పక్కన పడేయడం ఆమెకు చేసే అన్యాయం.

మాయలోని గ్రోత్ హార్మోన్‌కు అక్కలాంటిది తలలో ఉంటుంది. అది పీయూష గ్రంథి నుంచి వచ్చే గ్రోత్ హార్మోన్. చక్కెర వ్యవహారంలో పీయూష గ్రంథికి వాటా ఉందని గట్టిగా చూపినవారు అర్జెంటీనా శాస్త్రవేత్త బెర్నార్డో హౌసే. క్లోమం తీసేసిన కుక్కకు తీవ్రమైన మధుమేహం వస్తుంది. దానికి పీయూష గ్రంథి కూడా తీసేస్తే ఆ మధుమేహం బాగా నెమ్మదిస్తుందని ఆయన గమనించారు. 1947లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. పీయూష గ్రంథిలో గడ్డ లేచి గ్రోత్ హార్మోన్ విపరీతంగా ఊరే రోగులు ఆ ప్రయోగానికి అటువైపు రుజువు. చేతి ఉంగరం పట్టదు, చెప్పుల సైజు మారుతుంది, దవడ ముందుకు వస్తుంది, వీరిలో చాలామందికి షుగర్ కూడా వస్తుంది. శస్త్రచికిత్సతో గడ్డను తొలగించాక ఎక్కువ మందిలో షుగర్ దిగివస్తుంది.

గ్రోత్ హార్మోన్‌కు ఈ గుణం ఊరికే అబ్బలేదు. మనిషి పస్తున్నప్పుడు అది పెరిగి, నిల్వ కొవ్వును కరిగించి, కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంది. కండరాలు వాటితో గడుపుకుంటే ఉన్న కాస్త చక్కెర మెదడుకు మిగులుతుంది. కండరం చక్కెర తీసుకోకుండా ఆపడమే, అంటే నిరోధకతే, అక్కడ ప్రాణరక్షణ. కరువు కాలంలో ఇల్లు నిలబెట్టిన పొదుపు, గాదె నిండిన రోజుల్లోనూ కొనసాగితే ఏమవుతుందో మధుమేహంలో కనిపిస్తుంది.

షుగర్ ఉన్నవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. రాత్రి రెండు పుల్కాలు తిని పడుకుంటే పొద్దున్న పరగడుపున షుగర్ అంత ఎందుకుంది? నిద్ర పట్టిన తొలి గంటల్లో గ్రోత్ హార్మోన్ ఉప్పెనలా వస్తుంది. దాని నిరోధక ప్రభావం కొన్ని గంటలు ఆలస్యంగా, తెల్లవారుజామున తెలుస్తుంది. అదే వేళకు 39 అమైనో ఆమ్లాల ఏసీటీహెచ్ అనే మరో పెప్టైడ్ అడ్రినల్ గ్రంథులను లేపి, ఇన్సులిన్‌కు అడ్డుపడే కార్టిసాల్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. క్లోమం బాగున్నవారిలో కొంచెం ఎక్కువ ఇన్సులిన్ ఊరి సర్దుకుంటుంది. లేనివారిలో కాలేయం పోసిన చక్కెర అలాగే నిలిచిపోతుంది. రాత్రి తిండి మీద నింద వేసి, ఉన్న పుల్కాలో ఒకటి తగ్గించుకునేవారికి ఈ సంగతి ఎవరైనా విడమరచి చెప్పాలి.

ఆ కాలేయాన్ని పురిగొల్పే వాటిలో పెద్దది గ్లూకగాన్. 29 అమైనో ఆమ్లాలే ఉంటాయి. ఇన్సులిన్ తయారయ్యే క్లోమపు దీవుల్లోనే, పక్కనున్న ఆల్ఫా కణాల్లో పుడుతుంది. చక్కెర తగ్గినప్పుడు కాలేయం నుంచి తెప్పించడం దాని పని. కడుపు నిండా తిన్నాక అది తగ్గాలి. టైప్ 2 మధుమేహంలో తగ్గదు. పక్క కణాల నుంచి వచ్చే ఇన్సులిన్ మాటను ఆల్ఫా కణాలూ సరిగా వినకపోవడం ఇందుకు ఒక కారణం. ఒకవైపు పేగుల నుంచి భోజనంలోని చక్కెర దిగుతుంటే మరోవైపు కాలేయం తన చక్కెరను పోస్తూ ఉంటుంది. కచ్చితంగా మాట్లాడాలంటే గ్లూకగాన్ చేసేది నిరోధకత కాదు, ఎదురు పని. అయితే ఇన్సులిన్ వైపు నుంచి చూస్తే రెండింటి ఫలితమూ ఒకటే. అమెరికా శాస్త్రవేత్త రోజర్ అంగర్ 1970లలోనే మధుమేహం ఒక్క ఇన్సులిన్ కొరత కాదని, గ్లూకగాన్ మితిమీరడం కూడా అందులో సగమని వాదించారు. గ్లూకగాన్ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకల్లో బీటా కణాలను నాశనం చేసినా మధుమేహం రాలేదని ఆయన బృందం 2011లో చూపింది. మనుషుల విషయంలో అంత సూటిగా ఉండదు గానీ, ఇన్సులిన్ ఒంటరిగా పనిచేయదన్న పాఠం అందులో ఉంది.

పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1, జీఐపీ అనే పెప్టైడ్‌లు ఈ తగవులో ఇన్సులిన్ వైపు నిలుస్తాయి. గ్లూకోజు నోటి ద్వారా ఇస్తే, అంతే గ్లూకోజు రక్తనాళంలోకి ఎక్కించినప్పటికంటే ఇన్సులిన్ చాలా ఎక్కువ ఊరుతుంది. పేగులు క్లోమానికి ముందుగా కబురు పంపుతాయి కాబట్టి. టైప్ 2 మధుమేహంలో ఈ కబురు బలం తగ్గుతుంది. జీఎల్‌పీ-1 గ్లూకగాన్‌ను కూడా అదుపు చేస్తుంది, కానీ రక్తంలో దాని ఆయుష్షు ఒకటి రెండు నిమిషాలే. గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో దాన్ని పోలిన, తొందరగా చెడని పెప్టైడ్ దొరికింది. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో అనుమతి లభించింది. తర్వాత వారానికొక సూదిగా సెమాగ్లూటైడ్, 2022లో రెండు పేగు హార్మోన్ల పనీ చేసే టిర్జెపటైడ్ వచ్చాయి. టిర్జెపటైడ్ 2025లో మన దేశపు మందుల దుకాణాలకూ చేరింది. ఇవి ఇన్సులిన్ నిరోధకతను నేరుగా కరిగిస్తాయని జరుగుతున్న ప్రచారం సరికాదు. ఆకలి తగ్గి, బరువు తగ్గి, కాలేయంలో కొవ్వు కరిగితే నిరోధకత తగ్గుతుంది. ఫలితంలో పెద్ద వాటా దానిదే. ఆశ్చర్యమేమిటంటే ఇప్పుడు పరీక్షల దశలో ఉన్న రెటాట్రుటైడ్ అనే మందు ఈ రెండింటితోపాటు గ్లూకగాన్ గ్రాహకాన్ని కూడా తడుతుంది. గ్లూకగాన్ కాలేయంలో కొవ్వును కాల్చి, ఒంటి ఖర్చును పెంచుతుంది. దాని చెడును జీఎల్‌పీ-1తో అదుపులో పెట్టి మంచిని వాడుకోవాలన్నది ఆలోచన. హార్మోన్లను మిత్రులు, శత్రువులు అని విడదీసే అలవాటును ఈ ఒక్క మందే ప్రశ్నిస్తోంది.

ఇక ఇన్సులిన్ సంగతి. దానికి ఎదురు నిలిచే పెప్టైడ్‌లలో అది కూడా ఉందనడం వింతగా తోచవచ్చు.

1936లో లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ మధుమేహ రోగులకు ఇన్సులిన్, గ్లూకోజు ఒకేసారి ఇచ్చి చూశారు. కొందరిలో చక్కెర అదుపులో ఉంది. మరికొందరిలో ఇన్సులిన్ ఇవ్వనట్టే పెరిగిపోయింది. మధుమేహంలో రెండు రకాలున్నాయని, రెండో రకంలో లోపం ఇన్సులిన్ పరిమాణంలో కాక దాని ప్రభావంలో ఉందని ఆయన చెప్పారు. రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే సాధనం లేక ఆ మాట పాతికేళ్లు అలా ఉండిపోయింది. 1960 నాటికి న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఆ కొలత పద్ధతి కనిపెట్టారు. నడివయసులో షుగర్ వచ్చినవారిలో ఇన్సులిన్ లేకపోవడం కాదు, చాలామందిలో మామూలుకన్నా ఎక్కువే ఉందని తేలింది. బెర్సన్ 1972లో మరణించారు. 1977లో నోబెల్ యాలోకు వచ్చింది.

ఇన్సులిన్ ఎడతెగకుండా ఎక్కువగా ఉంటే కణం తన గ్రాహకాలను కొన్నింటిని లోపలికి లాగేసుకుంటుంది. అస్తమానం తలుపు తట్టేవారుంటే ఇంట్లోవారు పలకడం తగ్గించినట్టే ఇదీ. ఇంతకంటే చిక్కైన సంగతి కాలేయంలో ఉంది. నిరోధకత వచ్చిన కాలేయం ఇన్సులిన్ మాటను సగమే వింటుంది. చక్కెర తయారీ ఆపమంటే ఆపదు. కొవ్వు తయారుచేయమంటే మాత్రం చేస్తూనే ఉంటుంది. క్లోమం చక్కెరను అదుపు చేయాలని ఇన్సులిన్ పెంచిన కొద్దీ కాలేయంలో కొవ్వు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. ఆ కొవ్వు నిరోధకతను మరింత బిగిస్తుంది. ఈ చక్రం ఏళ్ల తరబడి తిరుగుతున్నా పరగడుపు షుగర్ మామూలుగానే ఉండవచ్చు, ఎందుకంటే క్లోమం రెట్టింపు చాకిరీ చేస్తోంది. రిపోర్టు చూసి అంతా బాగుందనుకుంటారు.

ఆ ఏళ్లలో కొందరి ఒంటి మీద ఒక గుర్తు కనిపిస్తుంది. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, మందమై, ముఖమల్ గుడ్డలా అవుతుంది. రక్తంలో మితిమీరిన ఇన్సులిన్ చర్మ కణాల మీది పెరుగుదల గ్రాహకాలను తట్టడం వల్ల వచ్చే మార్పు ఇది. పిల్లల మెడ మీద అది కనిపిస్తే మురికి అనుకుని సున్నిపిండితో, పీచుతో ఎర్రబడేదాకా రుద్దే తల్లులున్నారు. అది రుద్దితే పోదు. కండరం ఇన్సులిన్‌ను వినకపోతే చర్మం అదనంగా వింటోందన్న సాక్ష్యం అది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దానికి ముందు దశ ఉన్నాయని అంచనా వేసింది. ఆ ముందు దశకు కూడా ముందు, ఇన్సులిన్ మాత్రమే పెరిగి చక్కెర ఇంకా పెరగనివారు ఏ లెక్కలోకీ రారు.

కొవ్వు దగ్గరికి వస్తే కథ ఇంకా లోతుగా వెళుతుంది. కొవ్వును ఉత్త నిల్వగా చూసిన రోజులు 1994తో పోయాయి. ఆ ఏడాది జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనిపెట్టింది. కొవ్వు కణాల నుంచి మెదడుకు వెళ్లి, నిల్వలు నిండాయి, తిండి చాలు అని చెప్పే పెప్టైడ్ అది. స్థూలకాయుల్లో లెప్టిన్ తక్కువ ఉండి ఉంటుందనుకుంటే చాలామందిలో ఎక్కువే కనిపించింది. మెదడు వినడం మానేసింది. ఇన్సులిన్‌కు జరిగినదే లెప్టిన్‌కూ జరుగుతుంది.

దీనికి ఒక నమూనా హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1920ల నుంచి ఒకే వంశంగా పెంచుతూ వచ్చిన తెల్ల ఎలుకల్లో 1990లలో తమంతట తాముగా విపరీతంగా లావెక్కే ఎలుకలు పుట్టాయి. వాటి నుంచి రెండు శాఖలను వృద్ధి చేశారు. రెండింటిలోనూ లెప్టిన్ ఎక్కువే, ఆకలి కూడా ఎక్కువే, ఇన్సులిన్ కూడా ఎక్కువే. ఒక శాఖలో రక్తంలో చక్కెర మాత్రం మామూలుగా ఉంటుంది. రెండో శాఖలో చక్కెరను తట్టుకునే శక్తి కూడా దెబ్బతింది. రిపోర్టు బాగున్న మనిషినీ, ముందు దశలో ఉన్న మనిషినీ పక్కపక్కన నిలబెట్టినట్టుంటుంది ఆ రెండు బోనులనూ చూస్తే.

లావు వల్లే నిరోధకత అనుకుంటే దాన్ని తలకిందులు చేసే జబ్బు ఒకటుంది. పుట్టుకతో ఒంట్లో కొవ్వు కణజాలమే లేనివారు చాలా అరుదుగా ఉంటారు. బక్కపలచగా, కండలు తేలి కనిపిస్తారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత అతి తీవ్రంగా ఉంటుంది. నిల్వకు గాదె లేక కొవ్వు కాలేయంలో, కండరాల్లో పేరుకుంటుంది. కొవ్వు కణాలు లేవు కాబట్టి లెప్టినూ ఉండదు. వారికి లెప్టిన్‌ను సూదిగా ఇస్తే షుగర్, ట్రైగ్లిజరైడ్లు బాగా తగ్గుతాయి. అమెరికాలో 2014లో దానికి అనుమతి వచ్చింది. అసలు ప్రశ్న కొవ్వు ఎంత అన్నది కాదు, ఎక్కడ ఉంది, ఏం చెబుతోంది అన్నదే.

కొవ్వు నుంచే వచ్చే అడిపోనెక్టిన్ కండరాల్లో, కాలేయంలో కొవ్వును కాల్చి ఇన్సులిన్ పనిని తేలిక చేస్తుంది. విచిత్రంగా కొవ్వు, అందులోనూ పొట్ట లోపలి కొవ్వు, పెరిగిన కొద్దీ ఇది తగ్గుతుంది. రెసిస్టిన్ కథ మరోలా ముగిసింది. 2001లో నిరోధకత పేరే పెట్టుకుని వచ్చిన ఆ హార్మోన్ ఎలుకల్లో కొవ్వు కణాల నుంచి పుడుతుంది. మనుషుల్లో అది ఎక్కువగా రోగనిరోధక కణాల నుంచి వస్తుందని తర్వాత తెలిసింది. ఎలుకల్లో కనిపించిన ప్రతిదాన్నీ మనిషికి అంటగట్టకూడదనడానికి దీన్నే చెబుతుంటారు.

దక్షిణాసియా వాసుల్లో అదే బరువున్న ఐరోపావారికన్నా అడిపోనెక్టిన్ తక్కువ ఉంటుందని పలు అధ్యయనాల్లో కనిపించింది. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు బరువు తగినంత ఉందో లేదో చెప్పే శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) ఇద్దరికీ 22.3. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కొలిచి చూస్తే యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. లావు లేను కాబట్టి షుగర్ రాదని తెలుగు ఇళ్లలో వినిపించే ధీమాకు ఆ ఫొటోను మించిన సమాధానం దొరకదు.

ఈ తేడా నడివయసులో, కుర్చీ ఉద్యోగాల్లో మొదలవుతుందని చాలాకాలం అనుకున్నారు. యాజ్ఞిక్ బృందం పుణెలో, లండన్‌లో పుట్టిన పసివాళ్లను పోల్చింది. పుణె బిడ్డల బరువు సుమారు 700 గ్రాములు తక్కువ. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట చిన్నది. వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం లండన్ బిడ్డలకు దాదాపు సమానంగా ఉంది. తల్లి ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు చేరదు, చక్కెర మాత్రం దాటుతుంది. కాబట్టి బొడ్డుతాడు రక్తంలో ఉండే ఇన్సులిన్ ఆ బిడ్డ సొంత క్లోమం తయారుచేసినదే. ఆ ఇన్సులిన్ తేలికగా పుట్టిన పుణె బిడ్డల్లో, బొద్దుగా పుట్టిన లండన్ బిడ్డలకన్నా ఎక్కువగా ఉంది.